‘ఈజ్’ అనే పలక: పాత కంప్యూటర్ మీద ‘బాబా ఈజ్ యు’

ఫిన్లాండ్ దేశస్థుడైన ఆర్వి తెయికారి దాదాపు ఒంటిచేత్తో తయారుచేసి 2019 మార్చి 13న విడుదల చేసిన ‘బాబా ఈజ్ యు’ అనే పజిల్ ఆటను మా ఇంటి పాత డెస్క్‌టాప్ మీద నేను ఏడాదికి పైగా ఆడుతున్నాను. ఇంకా పూర్తి కాలేదు, పూర్తి చేయగలనన్న ధీమా కూడా లేదు. అయినా ఈ మధ్య నేను డబ్బు పెట్టి కొన్నవాటిలో ఇంతగా గిట్టుబాటైనది మరొకటి లేదు కనుక, కొనాలా వద్దా అని ఆలోచించేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా కంప్యూటర్ సంగతి చెప్పాలి. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో తెలుగూ ఒడియా కలగలుపు, ఆఫీసులో ఒడియా. చుట్టరికాలు సగం సరిహద్దు అవతల పాతపట్నంలో. మా డెస్క్‌టాప్ ఎనిమిదేళ్ళ కిందటిది, అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆటలు ఆడుకోవాలని ఉందని ఒక దుకాణంలో అడిగితే, గ్రాఫిక్స్ కార్డు, దానికి తగిన పవర్ సప్లై, ఇంకొంచెం ర్యామ్ అంటూ చిట్టా కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ మొత్తానికి కొత్త కంప్యూటరే వచ్చేలా ఉంది. ఏ ఆట ఆడాలనుకుంటున్నారని మాత్రం వారు అడగలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ‘బాబా ఈజ్ యు’కు అందులో ఒక్కటీ అవసరం పడలేదు. గళ్ళ నోటు పుస్తకంలో స్కెచ్ పెన్నులతో గీసినట్టుండే చిన్న బొమ్మలు, నల్లని నేపథ్యం, నాలుగు బాణం మీటలు, అంతే. దిగుమతి చేసుకోవడం కూడా ఒక సినిమా పాట వీడియో చూసినంత సేపట్లో అయిపోయింది. వర్షాకాలంలో గాలి కొడితే ఇంటర్నెట్ ఎప్పుడు పోతుందో తెలియని మా వంటి ఊళ్ళలో, ఒకసారి దించుకున్నాక నెట్‌తో పని లేకపోవడం చిన్న సౌకర్యం కాదు.

ఇక ఆట. తెర మీద గళ్ళలో ఒక తెల్లని చిన్న జంతువు ఉంటుంది, దాని పేరు బాబా. (మా అమ్మ పేరు విని సాయిబాబా ఆటేమో అనుకుని కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, కుందేలును చూసి వెళ్ళిపోయింది.) గోడలు, రాళ్ళు, ఒక జెండా ఉంటాయి. వాటితోపాటు ఆ గళ్ళలోనే ఇంగ్లీషు పదాలు రాసిన పలకలు ఉంటాయి: ‘బాబా ఈజ్ యు’, ‘వాల్ ఈజ్ స్టాప్’, ‘రాక్ ఈజ్ పుష్’, ‘ఫ్లాగ్ ఈజ్ విన్’. అంటే బాబాను నడిపేది మీరు, గోడ అడ్డుపడుతుంది, రాయిని తోయవచ్చు, జెండాను చేరితే గెలుపు. ఆటలోని నియమాలన్నీ ఇలా మైదానంలోనే రాసి ఉంటాయి, పైగా రాతి బండలను తోసినట్టే ఆ పదాల పలకలను కూడా తోయవచ్చు. ‘వాల్ ఈజ్ స్టాప్’లోని ఒక పలకను వరుసలోంచి పక్కకు నెట్టారంటే ఆ వాక్యం చెడిపోతుంది, ఆ క్షణం నుంచి గోడ కేవలం బొమ్మ, దాని మీదుగా హాయిగా నడిచిపోవచ్చు. ‘రాక్ ఈజ్ యు’ అని కూర్చితే రాళ్ళన్నీ మీ మాట విని కదులుతాయి. ‘రాక్ ఈజ్ ఫ్లాగ్’ అని కూర్చితే ఉన్న రాళ్ళన్నీ జెండాలైపోతాయి. ఆవేశపడి ‘బాబా ఈజ్ యు’నే చెడగొడితే తెర మీద మీరనేవారే ఉండరు, ఏ బాణం మీట నొక్కినా ఏదీ కదలదు.

వాక్యం ఎడమ నుంచి కుడికి గానీ, పై నుంచి కిందికి గానీ ఉంటేనే చెల్లుతుంది. ఈ ఒక్క షరతు ఎంత పని చేయిస్తుందో మొదట్లో తెలియదు. మూలకు చేరిన పలకను మళ్ళీ బయటికి లాగలేము, ఎందుకంటే ఇందులో మామూలుగా తోయడమే తప్ప లాగడం లేదు. ఈ కట్టుబాటు తెయికారి కనిపెట్టినది కాదు. 1982లో జపాన్‌లోని థింకింగ్ ర్యాబిట్ సంస్థ అమ్మిన ‘సోకోబాన్’లో, గోదాము కాపలాదారు పెట్టెలను తోసి వాటి గుర్తుల మీద నిలపాలి, ఆ ఆటను సృష్టించిన హిరోయుకి ఇమబయాషి పెట్టిన నియమమే ఇది. తోయడం మాత్రమే వస్తే ఒక్క తప్పు అడుగుతో పెట్టె శాశ్వతంగా ఇరుక్కుపోతుంది, అందుకే ప్రతి అడుగుకూ ముందు ఆలోచన కావాలి. నాలుగు దశాబ్దాలుగా, పెద్ద కంపెనీలకు చెందని స్వతంత్ర పజిల్ తయారీదారులలో చాలామంది ఇదే పునాది మీద తమ తమ మేడలు కట్టుకుంటున్నారు. తెయికారి చేసిందల్లా పెట్టె మీద ఒక మాట రాయడమే.

ఆ ఆలోచన పుట్టిన సందర్భం కూడా చెప్పుకోదగినది. 2017లో నార్డిక్ గేమ్ జామ్ అనే పోటీలో ‘నాట్ దేర్’ అన్న ఇతివృత్తం ఇచ్చి, కొద్ది గంటల గడువులో ఆట తయారు చేయమన్నారు. లావాలో పడిన మంచుగడ్డ, ‘ఐస్ ఈజ్ నాట్ మెల్ట్’ అనే వాక్యం ఉన్నందువల్ల కరగకుండా నిలవడం తెయికారి ఊహకు వచ్చిందట. ఆ పోటీలో గెలిచిన చిన్న నమూనాయే పెరిగి, 2018లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో ఉత్తమ విద్యార్థి ఆటగానూ, రూపకల్పనలో ప్రతిభకూ బహుమతులు పొంది, మరుసటి ఏడాది రెండు వందలకు మించిన లెవెల్స్‌తో, అంటే విడివిడి చిక్కులతో, అంగడికి వచ్చింది. వందలమంది ఉద్యోగులున్న పెద్ద కంపెనీలో ఇటువంటి ఆట ఎవరైనా ప్రతిపాదిస్తే, ‘బొమ్మలేవీ, కథేదీ’ అన్న ప్రశ్న దగ్గరే అది ఆగిపోయి ఉండేదని నా అనుమానం.

మా మేనకోడలు ఎనిమిదో తరగతి. సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు ఈ ఆట పక్కన కూర్చుని అడిగిన ప్రశ్న నాకు ఆటకంటే పెద్ద పజిల్ అయింది. “మావయ్యా, మధ్యలో ఈ ఈజ్ ఎందుకు? గోడ అడ్డు, జెండా గెలుపు అంటే చాలదా?” తెలుగువాడికి నిజంగానే చాలు. ‘ఆమె టీచరు’, ‘ఇది మా ఇల్లు’ అంటాము, వాటిలో క్రియ ఏదీ ఉండదు, వాక్యానికి ఏ లోటూ ఉండదు. ‘అతడు వైద్యుడై యున్నాడు’ అని రాసేది దస్తావేజులలోనూ, ఇంగ్లీషును మక్కికి మక్కి దించే అనువాదాలలోనూ మాత్రమే. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి కూడా, మన వాక్యంలో ఆ ఖాళీ ఉందని నేను ఎన్నడూ గమనించలేదు. ఆటలో మాత్రం ఆ ఖాళీ ఒక బరువైన పలక. రెండు పేర్లను పక్కపక్కన పెడితే ఏమీ జరగదు. నడుమ ‘ఈజ్’ వచ్చి ఆనిన మరుక్షణం లోకం మారుతుంది. మొత్తం మైదానంలో ‘ఈజ్’లు రెండే ఉండి, కావలసిన వాక్యాలు మూడైనప్పుడు, ఒకే పలకను అడ్డంగా ఒక వాక్యానికీ నిలువుగా మరొక వాక్యానికీ వాడుకోవాలని తట్టిన సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది. గళ్ళనుడికట్టు నింపే అలవాటున్నవారికి ఆ కూడలి గడి సుఖం వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక చోట లావా కాలువ అడ్డంగా పారుతుంటుంది. లావా వేడి, బాబా కరుగుతుంది అని రెండు వాక్యాలు రాసి ఉంటాయి. అందరూ మొదట లావాను చల్లార్చే ఉపాయం వెతుకుతారు, నేనూ వెతికాను. ‘లావా ఈజ్ హాట్’ అన్న పలకలు చేతికి అందని మూలలో ఉంటాయి. బాబా కరుగుతుంది అన్న వాక్యాన్ని విడదీస్తే చాలు, గుండం తొక్కే భక్తుడిలా బాబా నిప్పుల మీదుగా నడిచిపోతుంది. ఈ ఆటలో మంచి లెవెల్స్ అన్నీ ఇలాంటివే: అడ్డంకి ఎక్కడుందని మనం అనుకుంటామో అక్కడ ఉండదు.

దీనికి తోడుగా చెప్పుకోవలసింది ‘జెడ్’ మీట. దాన్ని నొక్కినకొద్దీ ఒక్కొక్క అడుగు వెనక్కి వెళుతుంది, ఎన్ని అడుగులైనా. గడియారం పరుగెత్తదు, ప్రాణాలు తరిగిపోవు, ఎవరూ తుపాకీతో వెంటపడరు. పొయ్యి మీద పాలు చూసుకుని వచ్చినా, ఎవరో వచ్చి అరగంట మాట్లాడి వెళ్ళినా, బాబా ఉన్నచోటే ఉంటుంది. వేళ్ళ చురుకుతో పని లేనందువల్ల యాభై దాటిన నేను, పదమూడేళ్ళ మేనకోడలితో సమానంగా కూర్చోగలుగుతున్నాను. మా పెద్దలు అరుగు మీద సుద్దతో గీసి ఆడిన పులి మేకలో కూడా ఎత్తుకు ఎత్తుకు మధ్య ఎంతసేపైనా గడ్డం గోక్కోవచ్చు, అయితే అక్కడ ఎదుటివాడు సణుగుతాడు.

లోపాలు లేకపోలేదు. మొదటిది, సూచనలు బొత్తిగా లేవు. ‘సరస్సు’, ‘ఒంటరి ద్వీపం’ అనదగిన మొదటి రెండు ప్రాంతాలు సాఫీగా సాగుతాయి, ఆ తరువాత చెప్పాపెట్టకుండా కష్టం పెరుగుతుంది. ఒకచోట చిక్కుకుంటే పటంలో వేరే లెవెల్‌కు వెళ్ళవచ్చు, ప్రాంతం దాటడానికి అన్నింటినీ పూర్తి చేయనక్కరలేదు. కానీ నాలుగు వైపులా నాలుగు చిక్కులే మిగిలిన రోజున ఆ వెసులుబాటు ఊరట ఇవ్వదు. రెండవది, కొన్ని లెవెల్స్‌లో ఉపాయం తట్టిన తరువాత కూడా పలకలను ఇరుకు సందుల్లో సర్దడానికి నలభై, యాభై అడుగుల చాకిరీ ఉంటుంది; మెదడు పని ముగిసింది, కూలి పని మిగిలింది అనిపిస్తుంది. మూడవది, తెర మీది బొమ్మలూ అక్షరాలూ సన్నగా వణుకుతూ ఉంటాయి, రాత్రిపూట గంటసేపు చూస్తే నా కళ్ళకు భారంగా ఉంటుంది. నాలుగవది మా ఊరి తప్పు: కరెంటు పోతే, సగంలో ఉన్న లెవెల్ మళ్ళీ మొదటి నుంచి ఆడాలి. పూర్తి చేసినవి నిలిచే ఉంటాయి.

భాష మాటకు వస్తే తెలుగు లేదు. వాడిన ఇంగ్లీషు మాటలు చిన్నవే అయినా అక్షరం రాని పెద్దలకు ఈ ఆట చేరదు. అటువంటివారికి నేను ప్యాట్రిక్ ట్రేనర్ 2022లో విడుదల చేసిన ‘ప్యాట్రిక్స్ పారాబాక్స్’ చూపిస్తాను. అందులో చదవవలసిన మాటలతో పని దాదాపు లేదు. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో మరో పెట్టె, చివరికి తనలో తానే ఇమిడిన పెట్టె. మూడు వందల యాభైకి పైగా ఉన్న ఆ పజిల్స్ ఒక్కొక్క కొత్త సంగతిని మెల్లగా నేర్పిస్తూ పోతాయి. బాబా మొండి పంతులైతే పారాబాక్స్ ఓపిక గల పంతులు. అందుకే అది నాకు త్వరగా పూర్తయింది, త్వరగా మరుపుకూ వచ్చింది.

డబ్బు పెట్టడం ఇష్టం లేనివారికి, కంప్యూటర్ మరీ పాతదైనవారికి, సైమన్ టాథమ్ అనే ఇంగ్లండ్ ప్రోగ్రామర్ ఉచితంగా ఇస్తున్న పజిల్ సంకలనం ఉంది. దాదాపు నలభై రకాల చిక్కులు, చిటికెడంత ఫైళ్ళు, ప్రకటనలు లేవు, ఎన్ని కావాలంటే అన్ని పజిల్స్‌ను అప్పటికప్పుడు యంత్రమే పుట్టిస్తుంది. ఆఫీసులో భోజన విరామానికి నేను దాన్నే తెరుస్తాను. అయితే యంత్రం పుట్టించిన పజిల్‌ను విప్పినప్పుడు ఒక లెక్క తేలిన తృప్తి మాత్రమే కలుగుతుంది. తెయికారి లెవెల్ విప్పినప్పుడు, నేను ఏ దారిన తప్పుతానో ముందే తెలిసి అక్కడ ఒక రాయిని ఊరికే పెట్టి నవ్వుకున్న మనిషి ఒకడు ఉన్నాడని తెలుస్తుంది. పొడుపు కథ వేసిన మామ్మ ముఖంలో కనిపించే నవ్వు అది. ఈ స్వతంత్ర ఆటలకు నేను డబ్బు ఇచ్చేది ఆ నవ్వు కోసమే.

కొనేవారికి ఒక మాట. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో రూపాయలలోనే, యూపీఐతో కొనవచ్చు. పండుగల వేళ, వేసవిలో ధర బాగా తగ్గుతుంది, తొందర లేకపోతే ఆగండి. 2024 జనవరి నుంచి విండోస్ 7 మీద స్టీమ్‌కు మద్దతు ఆగిపోయింది కనుక అంత పాత కంప్యూటర్ ఉన్నవారు ఇచ్.ఐఓ దుకాణంలో కొనుక్కోవడం మేలు. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల లోపల, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. కానీ ఈ ఆటలో మొదటి గంట మర్యాదగా ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పకండి. ఆ రెండు గంటలలోపే ద్వీపం దాటి శిథిలాలయం దాకా వెళ్ళి, అక్కడ ఒక చిక్కు దగ్గర అరగంట కూర్చోండి. విసుగు పుట్టి కుర్చీలోంచి లేచినవారు వాపసు తీసుకోవచ్చు. లేచి మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చి కూర్చున్నవారు ఉంచుకోండి.