నేపాల్ పల్లెలో గోబర్ గ్యాస్ కోర్సు: చదువుకి ఐదు స్టార్లు, టైమింగ్‌కి ఒకటి

అమెరికాలో చదివే మనవాళ్లు సమ్మర్‌లో క్రెడిట్ల కోసం ఇలాంటి విదేశీ గ్రామాభివృద్ధి కోర్సులు వెతుకుతుంటారు కాబట్టి రాస్తున్నా. మా యూనివర్సిటీ తరఫున నేను వెళ్లింది గోర్ఖా జిల్లా కొండల్లోని ఒక ఊరికి. నడిపిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం.

గోబర్ గ్యాస్ ప్లాంటుకి డోమ్, అంటే గ్యాస్ నిలిచే గుమ్మటం, కట్టడం మాత్రం సూపర్. గుంత తవ్వి, లోపల గుండ్రంగా రాతి గోడ లేపి, మధ్యంతా మట్టి నింపుతారు. నడుమ నిలబెట్టిన పైపు చుట్టూ అచ్చు తిప్పుతూ ఆ మట్టికి గుమ్మటం ఆకారం తెచ్చి, దాని మీదే కాంక్రీట్ పోస్తారు. సెంట్రింగ్ చెక్క ఒక్కటీ అక్కర్లేదు! గట్టిపడ్డాక లోపలి మట్టంతా తవ్వి బయటికి తోడాలి, ఆ ఘనకార్యం మాకు అప్పజెప్పారు, నడుము విరిగింది. కానీ మేస్త్రీ చెప్పే తీరు చూడాలి, క్లాసులో ఎవరూ అంత ఓపిగ్గా చెప్పలేదు. 1992లో డచ్ వాళ్ల సాయంతో మొదలైన కార్యక్రమం వల్ల నేపాల్‌లో రెండు లక్షలకు పైగా ఇళ్లకి ఇలాంటి ప్లాంట్లు వచ్చాయంటే ఇలాంటి మేస్త్రీలు ఊరూరా తయారవ్వబట్టే.

అసలు చదువు కట్టాక మొదలైంది. ఆరు ఘనమీటర్ల ప్లాంటుకి రోజూ 36 కిలోల పేడ, అన్నే నీళ్లు కలిపి పొయ్యాలి. ఆ పేడ ఏది? మగవాళ్లు ఖతార్‌కో మలేషియాకో పోయారు, మేపే మనిషి లేక గేదెల్ని అమ్మేశారు. మాది జగిత్యాల, గల్ఫ్ కథ నాకు కొత్తేం కాదు, కానీ వలసకీ వంటగ్యాస్‌కీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని అక్కడే తెలిసింది. మా సిలబస్‌లో ఈ ముక్క ఎక్కడా లేదు.

ఇక టైమింగ్. మమ్మల్ని దింపింది సరిగ్గా నాట్ల రోజుల్లో. వాళ్ల అసార్ నెల పదిహేనో రోజు నాట్ల పండగ, అందరూ పెరుగూ అటుకులూ తిని బురదలో దిగుతారు. మేమేమో గట్టు మీద గొడుగు పట్టుకుని బారెడు సర్వే ఫారం చదువుతుంటే, మేమున్న ఇంటి అమ్మగారు నారు మీద నుంచి చెయ్యి తీయకుండానే జవాబులు చెప్పింది, చివరికి "చలికాలం రాకూడదా, అప్పుడు గ్యాస్ సరిగ్గా రాదు, అది చూడొచ్చు" అంది. నిజమే కదా! చలికి పేడ సరిగ్గా పులియదు, గ్యాస్ తగ్గుతుంది, చూడాల్సిన సమస్య అదే. కానీ కోర్సు నడిచేది మన సెలవుల్ని బట్టి, ఊరి తీరికని బట్టి కాదు.

ఫీజులో ఆ ఇంటికి ఎంత ఇస్తారని అడిగాం, "తర్వాత చెప్తాం" అన్నారు, ఆ తర్వాత ఇంకా రాలేదు. చేరే ముందే ఈ లెక్క రాతపూర్వకంగా అడగండి.

భోజనానికి వంక పెట్టక్కర్లేదు. రెండు పూటలా పప్పన్నం, అప్పుడప్పుడు ఢిండో అనే పిండి ముద్ద, అచ్చం మన మక్క గటకే. జలగలకి ఉప్పు మూట, వానకి గమ్ బూట్లు తప్పనిసరి. కొండచరియలు విరిగిపడితే రోడ్డు మూసేస్తారు, అందుకే రిటర్న్ ఫ్లైట్‌కి ముందు రెండు మూడు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఇండియన్ పాస్‌పోర్టుకి నేపాల్ వీసా అడగదు, టెన్షన్ అంతా అమెరికా తిరిగెళ్లేటప్పుడే: ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ వీసా పత్రం) మీద ట్రావెల్ సంతకం, వీసా స్టాంప్ తేదీ రెండూ చూసుకున్నాకే టికెట్ కొనండి.