బ్యాకప్‌కు విడి యంత్రమా, వర్చువల్ మెషీనా? ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌పై సమీక్ష

వియన్నాకు చెందిన ప్రాక్స్‌మాక్స్ సంస్థ 2020లో తొలి వెర్షన్ విడుదల చేసిన ఈ బ్యాకప్ సర్వర్‌ను మా కార్యాలయంలో మొదట వర్చువల్ మెషీన్‌గానూ (ఒక యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్), తరువాత విడి యంత్రం మీదా నడిపాను. సాఫ్ట్‌వేర్ రెండుచోట్లా ఒకటే, లైసెన్సు ఖర్చూ లేదు. అయినా అవసరం పడిన రోజున డేటా చేతికి అందుతుందా అన్న విషయంలో రెండింటికీ పోలికే లేదు.

వర్చువల్ మెషీన్లు నడిచే హోస్టు యంత్రంలో ర్యామ్, డిస్కు ఖాళీగా ఉన్నాయి కదా, కొత్త యంత్రానికి డబ్బు అడగడమెందుకని మొదట వర్చువల్‌గానే పెట్టాను. ఒక సోమవారం ఉదయం ఆ హోస్టులోని రెయిడ్ కంట్రోలర్ (డిస్కులను కలిపి నడిపే భాగం) చెడిపోయింది. అకౌంట్స్ సర్వర్ ఆగిపోవడం ఒక ఎత్తయితే, దాని బ్యాకప్‌లన్నీ అదే కంట్రోలర్ వెనుక ఉండిపోవడం మరో ఎత్తు. తాళంచెవిని బీరువాలో పెట్టి తలుపు వేసినట్టయింది. మారు కంట్రోలర్ వచ్చేదాకా రెండు రోజులు చేయగలిగిందేమీ లేకపోయింది.

వేగం సంగతీ చెప్పాలి. ఈ సర్వర్ వర్చువల్ డిస్కులను 4 మెగాబైట్ల ముక్కలుగా విడగొట్టి, ఒకసారి దాచిన ముక్కను మళ్లీ దాచదు. నడుస్తున్న మెషీన్‌లో గత బ్యాకప్ తరువాత మారిన భాగాన్ని మాత్రమే చదువుతుంది కనుక రోజువారీ బ్యాకప్ నిమిషాల్లో ముగుస్తుంది. ఇందులో నాకు ఎంతో నచ్చిన గుణమిదే. అయితే ప్రతి ముక్కా ఒక ఫైలు, ఒక టెరాబైట్ డిస్కుకు సుమారు 2.5 లక్షల ముక్కలు. దాచిన ప్రతులు చెడిపోలేదని సరిచూసే వెరిఫికేషన్ జరిగే రాత్రుల్లో హార్డ్ డిస్కు ఆ ముక్కలన్నింటినీ వెతికి చదవాలి, అవే డిస్కుల మీద ఉన్న మిగతా మెషీన్లు అంతసేపూ నత్తనడక నడిచేవి. ఇప్పుడు విడి యంత్రంలో హార్డ్ డిస్కులతో పాటు, మెటాడేటా (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే సమాచారం) కోసం, డిస్కులను ఒకే నిల్వగా కలిపే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో స్పెషల్ డివైస్‌గా రెండు ఎస్‌ఎస్‌డీలను మిర్రర్‌లో (ఒకదానికొకటి నకలుగా) పెట్టాను. ఆ మిర్రర్ తప్పనిసరి, ఎందుకంటే స్పెషల్ డివైస్ పోతే మొత్తం పూల్ (అలా కలిపిన నిల్వ అంతా) పోతుంది. ర్యామ్ విషయంలో 4 జీబీకి తోడు టెరాబైట్‌కు ఒక జీబీ చొప్పున చూసుకోమని సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి.

భద్రత కోణంలోనూ నా మొగ్గు విడి యంత్రం వైపే. హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కితే వర్చువల్ బ్యాకప్ డిస్కును తుడిచేయడం క్షణాల పని. విడి యంత్రానికైనా దూరం నుంచి నడిపే మేనేజ్‌మెంట్ పోర్టును వేరే నెట్‌వర్క్‌లో ఉంచకపోతే అదే ముప్పు ఉంటుంది.

వర్చువల్‌కు అసలు చోటే లేదనను. మరో ఊరిలోని మా శాఖలో రెండో ప్రతి వర్చువల్ మెషీన్‌లోనే ఉంది. ప్రతులను అక్కడికి చేర్చే సింక్ జాబ్‌ను శాఖ వైపు నుంచి లాగేలా పెట్టడంతో, శాఖలోని సర్వర్ పాస్‌వర్డ్ మొదటి సర్వర్‌లో ఎక్కడా ఉండదు.

ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా చదవలేని రూపంలో దాచడం) వాడేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. కీ ఉండేది బ్యాకప్ సర్వర్‌లో కాదు, హోస్టులో. హోస్టుతో పాటు అదీ పోతే విడి యంత్రంలోని ప్రతులేవీ తెరుచుకోవు. కీని క్యూఆర్ కోడ్‌తో కాగితం మీద ముద్రించుకునే సౌకర్యం ఇందులోనే ఉంది. మేము రెండు కాగితాలు తీసి, ఒకటి ఇక్కడి బీరువాలో, మరొకటి ఆ శాఖలో దాచాం.