మాలా-ఎన్ వేసుకోవాలా, ఛాయ వేసుకోవాలా?

పిల్లల్ని కొన్నాళ్లు ఆగి కనాలనుకునే అమ్మాయిలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ రెండు గర్భనిరోధక మాత్రలూ ఉచితంగా ఇస్తారు.

మాలా-ఎన్ రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ప్యాకెట్‌లో 28 ఉంటాయి. 21 హార్మోన్లవి, 7 ఐరన్‌వి. నెలసరి క్రమంగా వస్తుంది, నొప్పీ తగ్గుతుంది. అయితే బీపీ ఉన్నవాళ్లకు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లకు ఇది వద్దు. కాన్పయి ఆరు నెలలు నిండని పాలిచ్చే తల్లులకూ వద్దు.

ఛాయలో హార్మోన్లు లేవు, పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన మందు ఇది. 1991లో సహేలి పేరుతో వచ్చింది. తికమకంతా వేసుకునే పద్ధతిలోనే. ఉదాహరణకు నెలసరి మొదటి రోజు ఆదివారమైతే అప్పుడొకటి, బుధవారం ఒకటి. మూడు నెలలు ఇలాగే వారానికి రెండు, తర్వాత ఆదివారాలు మాత్రమే. మొదట్లో నెలసరి ఆలస్యమైతే టెన్షన్ పడతారు. అది మామూలే, కానీ మరీ ఆలస్యమైతే గర్భ పరీక్ష చేయించుకోండి. అండాశయాల్లో నీటితిత్తులున్నా, ఈమధ్య కామెర్లు వచ్చినా ఛాయ వద్దు.

రోజూ గుర్తుండదనుకుంటే నా ఓటు ఛాయకే. నెలసరి నొప్పి వేధిస్తుంటే మాలా-ఎన్. ఏ మాత్రయినా సరే, డాక్టరుకో, ఏఎన్‌ఎం నర్సుకో మీ ఆరోగ్యం గురించి దాచకుండా చెప్పాకే మొదలుపెట్టండి.

హెచ్‌ఐవీ, సుఖవ్యాధులను ఈ రెండూ ఆపలేవు. అందుకు కండోమ్ కావాల్సిందే, అదీ ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా దొరుకుతుంది.