హారర్ ప్రీక్వెల్ సిరీస్ తీయాలంటే ఎవరి దారి మేలు: బేట్స్ మోటెలా, హానిబలా, డెర్రీయా?

ముందే చెప్తున్నా, మూడు సిరీస్‌ల స్పాయిలర్లూ ఉంటాయి. అవి లేకుండా ఈ విషయం మాట్లాడటం కుదరదు.

ప్రీక్వెల్ అంటే ఇప్పటికే వచ్చిన కథకి ముందు జరిగింది చెప్పే కథ, అది తీసేవాళ్లకు మొదటి తలనొప్పి ఏంటంటే చివరికి ఏం జరుగుతుందో చూసేవాళ్లకు ముందే తెలిసిపోయి ఉండటం. మామూలు డ్రామాలో అయితే ఎలాగో నెట్టుకురావచ్చు గానీ, హారర్‌లో ఎవరు బతుకుతారో ఎవరు పోతారో తెలియకపోవడమే సగం భయం కదా, అది చేజారిపోతే మిగిలేది ఏంటి? మిగులుతుందనడానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. 2015లో బాహుబలి మొదటి భాగం చివర్లోనే కట్టప్ప కత్తి దించేశాడు, 2017లో అమరేంద్ర కథ మొత్తం ఆ కత్తిపోటు వైపే వెళ్తోందని హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, అయినా టెన్షన్ తగ్గలేదు. ఎందుకంటే అక్కడ ప్రశ్న చస్తాడా లేదా అని కాదు, ఎందుకు చంపాడు అని. ప్రీక్వెల్ తీసేవాళ్లు ఆ 'ఎందుకు'ని ఎంత బలంగా కట్టగలరన్నదే నా కొలబద్ద. దానితోనే ఈ మూడింటినీ కొలుస్తున్నా.

బేట్స్ మోటెల్ 2013 మార్చిలో ఏ అండ్ ఈ చానల్లో మొదలై 2017 ఏప్రిల్‌లో ముగిసింది, ఐదు సీజన్లు, 50 ఎపిసోడ్లు. రాబర్ట్ బ్లాక్ 1959 నవల, హిచ్‌కాక్ 1960 సినిమా 'సైకో'కి ముందు కథ ఇది. హానిబల్ కూడా అదే ఏడాది ఏప్రిల్‌లో ఎన్‌బీసీలో వచ్చింది, సీజన్‌కి 13 చొప్పున మూడు సీజన్లు నడిచి 2015లో ఆగిపోయింది, దానికి ఆధారం థామస్ హారిస్ 1981 నవల 'రెడ్ డ్రాగన్'. ఇక 'ఇట్: వెల్‌కమ్ టు డెర్రీ' 2025 అక్టోబర్ 26న హెచ్‌బీఓలో మొదలైంది, ఎనిమిది ఎపిసోడ్లు, స్టీఫెన్ కింగ్ 1986 నవల 'ఇట్'లో మధ్యమధ్య వచ్చే డెర్రీ అనే ఊరి చరిత్ర అధ్యాయాలను తీసుకుని అల్లిన కథ.

కాలం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అసలు తేడా అంతా అక్కడే ఉంది. లెక్క ప్రకారం 'సైకో'లో మోటెల్ నడుపుతూ హత్యలు చేసే నార్మన్ బేట్స్ చిన్నతనం అంటే 1950ల దగ్గర ఉండాలి. కానీ సిరీస్ తయారుచేసిన కార్ల్‌టన్ క్యూస్, కెర్రీ ఎరిన్ కథను ఇప్పటి రోజుల్లోకి తెచ్చేశారు, నార్మన్ చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది. మొదట వినగానే ఇదేం పద్ధతి అనిపిస్తుంది. చూస్తుంటే మాత్రం అది ఎంత తెలివైన పనో అర్థమవుతుంది: కాలం మారిపోయింది కాబట్టి సినిమాలో జరిగినదంతా ఇక్కడ ఉన్నదున్నట్టు జరగాలని రూలేం లేదు, చూసేవాళ్లకు చివర తెలిసీ తెలియనట్టు ఉంటుంది. ఐదో సీజన్‌లో, సినిమాలో షవర్‌లో హత్యకు గురయ్యే మారియన్ క్రేన్‌గా రిహానా వచ్చినప్పుడు ఆ షవర్ సీన్ కోసం మనమంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. తీరా ఆ అమ్మాయి బతికి బయటపడుతుంది, షవర్‌లో చచ్చేది ఆమె ప్రియుడు శామ్ లూమిస్. ప్రపంచంలో అందరికీ తెలిసిన సీన్‌ని తీసుకుని మళ్లీ భయపెట్టడం మామూలు విషయం కాదు.

డెర్రీ దీనికి పూర్తిగా ఎదురు దారి. 2017 సినిమా 'ఇట్' కథ 1989లో జరుగుతుంది, అందులో జోకర్ వేషంలో పిల్లల్ని వేటాడే పెన్నీవైజ్ అనే రాక్షసి 27 ఏళ్లకోసారి నిద్ర లేస్తుంది, కాబట్టి సిరీస్ 1962లో. లెక్క ఎక్కడా తప్పలేదు. సినిమాలు తీసిన ఆండీ ముషియెట్టి, బార్బరా ముషియెట్టి జేసన్ ఫుక్స్‌తో కలిసి ఈ సిరీస్‌ని కట్టారు, పెన్నీవైజ్‌గా బిల్ స్కార్స్‌గార్డే, సినిమాలు తీసిన ఒంటారియోలోని పోర్ట్ హోప్ ఊరే మళ్లీ డెర్రీ అయింది. మధ్యలో 2023 హాలీవుడ్ సమ్మెల వల్ల షూటింగ్ ఆగిపోయి మళ్లీ మొదలైనా ఆ ప్రపంచం చెదరలేదు. కార్లు, బట్టలు, సైనిక స్థావరం, ప్రచ్ఛన్న యుద్ధం నాటి భయం అన్నీ పకడ్బందీగా ఉంటాయి, తెర మీద ఖర్చు కనిపిస్తుంది. చివర తెలిసిపోయిందన్న సమస్యకి వాళ్ల దగ్గరున్న గొప్ప జవాబు మొదటి ఎపిసోడ్. ఈ పిల్లలే మన హీరోలు అని నమ్మించి, సినిమా హాల్ సీన్‌లో వాళ్లలో చాలామందిని చంపేస్తారు. ఆ తర్వాత ఎవరి మీదా నమ్మకం ఉండదు. నల్లజాతి సైనికులు కలుసుకునే 'బ్లాక్ స్పాట్' క్లబ్‌ని తెల్లవాళ్ల గుంపు తగలబెట్టే ఘట్టం ఈ సిరీస్‌లో అన్నిటికంటే బలమైనది, అక్కడ జోకర్ కంటే మనుషులే భయంకరంగా ఉంటారు.

అయితే రెండు చోట్ల నాకు గట్టి అభ్యంతరం ఉంది. సైన్యం ఆ రాక్షసిని ఆయుధంగా వాడుకోవాలని చూసే ఉపకథ ఒకటి. అది వచ్చినప్పుడల్లా భయం పోయి ప్లాన్లు, మ్యాపులు మిగులుతాయి. రెండోది చివరి ఎపిసోడ్ మలుపు: పెన్నీవైజ్‌కి కాలం మనలా వరసగా నడవదట, తన చావు దానికి ముందే తెలుసట, తనను చంపబోయే పిల్లల పెద్దవాళ్లను ఇప్పుడే వెతుకుతోందట. చివర తెలిసిన కథలో కొత్త ప్రమాదం పుట్టించడానికి వేసిన ఎత్తు ఇది, తెలివైన ఎత్తే, ఒప్పుకుంటాను. కానీ ఆ రాక్షసి గురించి మనకు తెలియనిది ఎంత తగ్గితే భయం కూడా అంత తగ్గుతుంది.

ఇంకో తేడా ఉంది. బేట్స్ మోటెల్, హానిబల్ ముందుకు నడుస్తూ మూలకథని చేరుకుంటాయి, చేరి దాటుతాయి కూడా. డెర్రీ తీసినవాళ్లు మాత్రం మొదటి సీజన్ 1962, రెండోది 1935, మూడోది 1908 అని వెనక్కి వెళ్లే ప్లాన్ చెప్పారు. వినడానికి బాగుంది గానీ, వెనక్కి వెళ్లేకొద్దీ మనకు తెలిసిన మనుషులు దూరమవుతారు, మిగిలేది ఒక్క పెన్నీవైజే. ముందుకు నడిచే కథలో సీజన్ సీజన్‌కీ ఉచ్చు బిగుస్తుంది, వెనక్కి నడిస్తే వదులైపోతుందని నా భయం.

ఇక హానిబల్. అందంలో దీనికి సాటి లేదు. డాక్టర్ హానిబల్ లెక్టర్ నరమాంసం తింటాడని మనకు తెలుసు, ఎఫ్‌బీఐ బాస్ జాక్ క్రాఫర్డ్‌కి తెలియదు, అదే టేబుల్ దగ్గర కూర్చుని అదే ప్లేట్ ఖాళీ చేస్తుంటాడు. ముందే తెలిసిన విషయాన్నే ఆయుధంగా వాడుకోవడం అంటే ఇది. ఆ వంటకాలు చేసింది ఫుడ్ స్టైలిస్ట్ జానిస్ పూన్, సలహాలిచ్చింది పేరున్న షెఫ్ హొసే ఆండ్రేస్. మొదటి సీజన్ ఎపిసోడ్లకు ఫ్రెంచ్ భోజనంలో వరసగా వచ్చే వడ్డనల పేర్లు పెట్టారు. రెండో సీజన్ మొదలవడమే జాక్, హానిబల్ వంటగదిలో చావుదెబ్బలు కొట్టుకోవడంతో, అక్కడి నుంచి పన్నెండు వారాలు వెనక్కి వెళ్తారు, అంటే ప్రీక్వెల్‌లో మళ్లీ చిన్న ప్రీక్వెల్. హానిబల్‌గా మ్యాడ్స్ మికెల్సన్ కళ్లు కదిపితే చాలు, గదిలో చలి పుడుతుంది.

కానీ తీయడం అనే కోణంలో చూస్తే హానిబల్‌కి అడుగడుగునా అడ్డే. 'సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' హక్కులు వేరేవాళ్ల దగ్గర ఉండటంతో ఆ కథలో హానిబల్‌ని కలిసే ఎఫ్‌బీఐ ట్రైనీ క్లారిస్ స్టార్లింగ్ పాత్ర దొరకలేదు. సిరీస్ సృష్టికర్త బ్రయాన్ ఫుల్లర్ మొదట చెప్పిన ఏడు సీజన్ల ప్లాన్‌లో మూడే అయ్యాయి. ఇంత రక్తం, ఇంత నిదానం ఉన్న కథ మామూలు నెట్‌వర్క్ చానల్లో రావడమే ఆశ్చర్యం. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్‌ని, పిల్లల చేత హత్యలు చేయించే కథ కావడంతో, అప్పట్లో అమెరికాలో టీవీలో వేయకుండా ఆపేశారు. కళగా ఇది గొప్పది. కానీ దీన్ని చూసి ఇంకొకరు ఇదే దారిలో తీయగలరా అంటే, ఫుల్లర్ లాంటి మనిషి, అలాంటి కెమెరా, అలాంటి వంటగది ఉంటే తప్ప కష్టం.

అందుకే నా ఓటు బేట్స్ మోటెల్‌కి, అదీ ఒక్క పాత్ర వల్ల. హిచ్‌కాక్ సినిమాలో నార్మన్ తల్లి అంటే ఒక గొంతు, ఒక శవం, అంతే. వీళ్లు ఆ ఖాళీని పట్టుకుని వీరా ఫార్మిగా చేత నార్మా అనే నిండు మనిషిని నిలబెట్టారు: కొడుకంటే పిచ్చి ప్రేమ, వదల్లేనితనం, చిన్నప్పటి గాయాలు, కోపం, మధ్యమధ్యలో నవ్వు. ఈమె చస్తుందని, చంపేది కొడుకేనని మనకు మొదటి రోజు నుంచీ తెలుసు, నాలుగు సీజన్ల పాటు ఆమెని మనకు దగ్గర చేశాక ఆ రాత్రి వస్తుంది. నార్మన్ (ఫ్రెడ్డీ హైమోర్) ఇంటినిండా విషవాయువు నిండేలా చేసి తల్లి పక్కన పడుకుంటాడు, ఆమె పోతుంది, వాడు బతుకుతాడు. ముందే తెలిసినా అంత ఏడిపించిన చావు నేను హారర్‌లో ఇంకోటి చూడలేదు.

పైగా వీళ్లకు కావలసింది తక్కువే. కెనడాలోని ఆల్డర్‌గ్రోవ్‌లో రోడ్డు పక్కన పాత ఇల్లు, మోటెల్ సెట్ వేసుకున్నారు, మిగతాదంతా ఇద్దరు నటుల మీద, రాతమీద నడిచింది. హైమోర్ తర్వాత్తర్వాత ఒక ఎపిసోడ్ రాశాడు, ఒకటి డైరెక్ట్ చేశాడు కూడా. లోపాలు లేవని కాదు, మొదటి రెండు సీజన్లలో ఊళ్లో గంజాయి వ్యాపారం గొడవ చాలా సాగదీశారు, ఆ సీన్లు తగ్గించి ఇంటిలోపలే ఉంటే బాగుండేది. తెలుగులో ఎవరైనా ఓటీటీకి హారర్ ప్రీక్వెల్ తీయాలనుకుంటే, డెర్రీ ఖర్చు మనవల్ల కాదు, హానిబల్ స్టైల్‌ని కాపీ కొడితే తేలిపోతుంది, మూలకథలో ఎవరూ పట్టించుకోని ఒక మనిషిని తీసుకుని వాళ్ల బతుకు మొత్తం రాసే పని మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు.

చూడటానికి అయితే వరస ఇలా పెట్టుకోండి. ముందు బేట్స్ మోటెల్, గంజాయి గోల దగ్గర విసుగొచ్చినా మూడో సీజన్ దాకా ఓపిక పట్టండి. హానిబల్ రోజుకి ఒక్కటే, అన్నం తినేటప్పుడు వద్దు. డెర్రీని మాత్రం 2017, 2019 సినిమాలు చూశాకే మొదలుపెట్టండి, లేకపోతే ఎనిమిదో ఎపిసోడ్‌లో మార్జ్ అనే అమ్మాయికి పెన్నీవైజ్ చూపించే ఆ పోస్టర్‌లోని అబ్బాయి ఎవరో మీకు తెలియదు.