పాత గేమ్ కంట్రోలర్‌తో ఇంటి లైట్లు: వైఫై, ఈఎస్‌పీ-నౌ, 433 రేడియో... ఏది మేలు?

పాత నింటెండో ఎన్‌ఈఎస్ గేమ్ యంత్రపు కంట్రోలర్‌ను లైట్ల రిమోట్‌గా మార్చాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: బటన్ నొక్కిన సంగతి లైటు దాకా ఎలా చేరాలి? వైఫై, ఈఎస్‌పీ-నౌ (రౌటర్ లేకుండా రెండు ఈఎస్‌పీ చిప్‌లు నేరుగా మాట్లాడుకునే పద్ధతి), 433 మెగాహెర్ట్జ్ రేడియో అని మూడు దారులున్నాయి. నా ఓటు ఈఎస్‌పీ-నౌకే. ఎందుకో తెలియాలంటే కంట్రోలర్ మూత విప్పి చూడాలి.

లోపల ఉన్నది 4021 అనే ఒకే ఒక్క చిప్. ఎనిమిది బటన్ల స్థితినీ ఒక్కసారిగా పట్టుకుని, ఒకే తీగ మీద వరుసగా పంపుతుంది: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, ఆ తర్వాత పైకి, కిందికి, ఎడమ, కుడి. తీగలు ఐదే. రెండు కరెంటువి, మిగిలినవి లాచ్ (స్థితిని పట్టుకోమని చెప్పేది), క్లాక్ (ఒక్కొక్కటిగా పంపమని చెప్పేది), డేటా (ఆ స్థితిని మోసుకొచ్చేది). గేమ్ యంత్రం 5 వోల్టులు ఇస్తుంది కానీ ఈ చిప్‌కు 3 వోల్టులున్నా చాలు. అందుకే వైఫై ఉన్న చిన్న కంట్రోల్ చిప్ అయిన 3.3 వోల్టుల ఈఎస్‌పీ32కు నేరుగా కలపవచ్చు. పాత బోర్డును కోసి ఒక్కో బటన్‌కు ఒక్కో తీగ అతికించమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. 1980ల నాటి వస్తువు అది, చెక్కుచెదరకుండా ఉంచే వీలున్నప్పుడు పాడుచేయడం అన్యాయం.

వైఫై అందరికీ మొదట తోచే దారి. రౌటర్ ఎలాగూ ఉంటుంది, స్మార్ట్ బల్బులతో సూటిగా మాట్లాడవచ్చు. చిక్కంతా బ్యాటరీ దగ్గరే. ఎప్పుడూ మేలుకుని ఉంటే ఈఎస్‌పీ32 పదుల మిల్లీ ఆంపియర్లు లాగేస్తుంది, కంట్రోలర్‌లో పట్టేంత చిన్న బ్యాటరీ రోజు కూడా నిలవదు. గాఢనిద్రలో ఉంచితే వాడకం మైక్రో ఆంపియర్లకు దిగుతుంది. కానీ నొక్కిన ప్రతిసారీ లేచి, రౌటర్‌ను వెతికి, చిరునామా తెచ్చుకునేసరికి సెకనో రెండు సెకన్లో గడుస్తాయి. గోడ స్విచ్చికి అలవాటుపడ్డ వేలు అంతసేపు ఆగదు. పనిచేయలేదనుకుని మళ్లీ నొక్కుతారు, అప్పుడే వెలిగిన లైటు ఆరిపోతుంది.

ఈఎస్‌పీ-నౌలోనూ అదే చిప్, అదే రేడియో. రౌటర్‌తో కలవాల్సిన పనిలేదు కాబట్టి నిద్ర లేచిన వెంటనే కబురు పంపి మళ్లీ పడుకోవచ్చు. అవతల అందిందో లేదో కూడా తెలుస్తుంది. లైటు వైపు ఎప్పుడూ కరెంటులో ఉండే రెండో ఈఎస్‌పీ32 కావాలి, అదే దీని ఖర్చు. ఒక జాగ్రత్త: రెండూ ఒకే ఛానల్‌లో ఉండాలి. స్మార్ట్ బల్బులతో మాట్లాడేందుకు ఆ రెండోది వైఫైలో కూడా ఉంటే రౌటర్ ఛానలే దాని ఛానల్. రౌటర్ తనంతట తాను ఛానల్ మారిస్తే రిమోట్ మూగబోతుంది. రౌటర్‌లో ఛానల్‌ను స్థిరంగా పెట్టేయండి.

433 రేడియో చవక, సులువు. కానీ మామూలు మాడ్యూళ్లలో సంకేతం ఒకవైపే వెళుతుంది, జవాబు రాదు. మారని కోడ్ పంపేవాటిని ఎవరైనా పట్టుకుని తిరిగి పంపగలరు. ఈ రేడియోతో పనిచేసే ప్లగ్ సాకెట్లు ఇప్పటికే ఉన్నవారికి తప్ప నేను చెప్పను.

మరి నిద్రలో ఉన్న చిప్‌ను లేపేదెవరు? దీనికి 4021లోనే ముచ్చటైన ఏర్పాటు ఉంది. లాచ్ తీగను హైలోనే (వోల్టేజీ ఉన్న స్థితిలోనే) నిలిపి ఉంచితే, డేటా తీగ 'ఏ' (A) బటన్ స్థితిని ఎప్పటికప్పుడు చూపిస్తూనే ఉంటుంది. ఆ తీగను ఈఎస్‌పీ32ను లేపే పిన్‌కు కలిపితే చాలు, 'ఏ' నొక్కగానే లేస్తుంది. సోల్డరింగ్ ఐదు తీగలతోనే సరి. అయితే బోర్డు మీద వెలిగే ఎల్ఈడీ, యూఎస్‌బీ చిప్ నిద్రలోనూ కరెంటు తాగుతాయి. అవి లేని బోర్డును ఎంచుకోండి.

ఇక లైటు వైపు రిలేనా (చిప్ ఆదేశంతో ఇంటి కరెంటును కలిపి, తెంచే స్విచ్చి), స్మార్ట్ బల్బా? ఇంటి కరెంటు వైరింగ్ చేతకాని వారు రిలే జోలికి వెళ్లవద్దు, అది ప్రాణాల మీదికి వచ్చే పని. వైరింగ్ వచ్చినవారికీ బల్బే మేలంటాను. రిలే వెలిగించడం, ఆర్పడం తప్ప ఇంకేమీ చేయదు. వెలుగు తగ్గించి పెంచగల బల్బుంటే పైకి, కిందికి బటన్లకు పని దొరుకుతుంది, ఎడమ, కుడి బటన్లతో ఒక గది నుంచి ఇంకో గదికి మారవచ్చు.