న్యూజెర్సీ పెరట్లో అరటి: ఏడు చలికాలాల తర్వాత

మాది కోనసీమ, రావులపాలెం దగ్గర. పెరట్లో అరటాకు ఊగకపోతే ఇల్లులా అనిపించదు. అందుకే 2018 మేలో మోకాలెత్తు మూసా బస్జూ మొక్క తెప్పించి న్యూజెర్సీ నేలలో పాతాను. జపాన్ అరటి అంటారుగానీ దీని పుట్టిల్లు చైనా. కాయ తినడానికి పనికిరాదు, లోపలంతా గింజలు. ఆ వేసవికి వచ్చిన అమ్మ చూసి, "తినే గెల వెయ్యని అరటికి ఇంత సేవ ఎందుకురా?" అంది.

ఆకు కోసం. జూలై ఎండకి, నీళ్ళూ పశువుల ఎరువూ దండిగా పోస్తే వారానికో ఆకు వేస్తుంది. ఇప్పుడు పన్నెండు అడుగులుంది. గాలివానకి ఆకులు దువ్వెన పళ్ళలా చీలిపోతాయి కాబట్టి, భోజనానికి కావాలంటే విప్పుకున్న రోజే కోసుకోవాలి. వరలక్ష్మీ వ్రతానికి చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ పిలకలు మా పెరట్లోంచే.

చలికాలం సంగతికొస్తే, అక్టోబరులో తొలిమంచు పడిన మర్నాడు ఆకులన్నీ ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడతాయి. కంగారు పడక్కర్లేదు. ఆకులు నరికి, బోదెను నడుమెత్తున ఉంచి కోస్తాను. చుట్టూ కోళ్ళ జాలీ గుండ్రంగా నిలబెట్టి ఎండుటాకులు కూరుతాను, పైన గొడుగులా టార్పాలిన్ కడతాను. పక్కలు మాత్రం మూయను. ఇది రెండో ఏడు నేర్చుకున్న పాఠం. అప్పుడు అతితెలివికి పోయి బోదెకి దుప్పటి చుట్టి, దానిమీద ప్లాస్టిక్ షీటు బిగించాను. ఏప్రిల్లో విప్పితే లోపలంతా చెమట. బోదె మీద చెయ్యి వేస్తే వేళ్ళు లోపలికి దిగిపోయాయి! ఆ కంపు రెండు రోజులు చేతిని వదల్లేదు. చచ్చిందనుకున్నాను, తవ్వి పారెయ్యడానికి బద్ధకించాను. మే చివర్లో దుంపలోంచి మూడు పిలకలు లేచాయి.

అరటికి చుట్టమైన ఎర్రాకుల ఎన్సెట్ అందంలో దీన్ని మించిపోతుంది, చాకిరీలోనూ అంతే. చలికాలం నేలలో బతకదు, పిలకలు వెయ్యదు. పోతే మొత్తం పోయినట్టే. మొదటిది తవ్వి నిలువుగానే బేస్‌మెంట్లో పెట్టాను, ఆకుల మొదళ్ళలో నీరు నిలిచి మొవ్వు కుళ్ళింది. రెండోదాన్ని గరాజ్‌లో తలకిందులుగా వేలాడదీసి నీరు ఓడ్చాకే, బేస్‌మెంట్లో యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే మూలకి చేర్చాను. అది నాలుగేళ్ళుగా బతికే ఉంది. ఇప్పుడు మొయ్యడానికి ఇద్దరు కావాలి, మా ఆవిడ రానంటోంది.

పెట్టిన డబ్బుకి ఎక్కువ ఆనందం ఇచ్చింది మాత్రం చేమ. నర్సరీలో "ఏనుగు చెవులు" పేరుతో డజను డాలర్లకి అమ్మేది, మన కిరాణాలో దొరికే చేమదుంపా ఒక జాతివే. మొలక కళ్ళున్న దుంపలు ఏరి మార్చిలో ఇంట్లో కుండీల్లో పెడితే, ఆగస్టుకి ఆకు రెండడుగులు దాటుతుంది. మా దగ్గర జింకలు హోస్టా మొక్కలన్నీ మేసేస్తాయి, దీన్ని మాత్రం ముట్టుకోవు. కోసేటప్పుడు జిగురు తగిలితే దురద, గ్లవ్స్ వేసుకోండి. దుంపలు తవ్వి, వారం ఆరబెట్టి, న్యూస్‌పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పెడితే వసంతం దాకా ఉంటాయి. మెట్టతామరకీ అదే మర్యాద.

చేమ కుటుంబానిదే అయిన అలొకేసియా ఒక్కదాన్నే ఇంకెవరికీ పెంచమని చెప్పను. హాల్లో పెడితే హీటర్ పొడిగాలికి ఆకుల వెనక ఎర్రనల్లి పట్టింది. జనవరిలో వారం వారం దాన్ని బాత్రూమ్‌కి మోసుకెళ్ళి స్నానం చేయించాను.

బోదె పొడుగ్గా కాపాడగలిగితే బస్జూ పువ్వు కూడా వేస్తుంది. నిరుడు సెప్టెంబరులో మాది వేసింది. వీడియో కాల్లో చూపిస్తే అమ్మ, "పోనీ ఆ పువ్వయినా కూరకొస్తుందేమో చూడరా" అంది. చూసేలోపే మంచు పడింది.