షార్ట్స్ చేసేవారికి యూట్యూబ్ స్టూడియో ఎంతవరకు పనికివస్తుంది

షార్ట్స్ అనే చిన్న నిలువు వీడియోలు చేసి వీక్షకులను కూడగట్టుకోవాలనుకునేవారికి సలహాలకు కొదవ లేదు. కానీ వాటిలో చాలావరకు ఎవరో ఒకరికి ఒకసారి కలిసివచ్చిన పద్ధతులే. మన వీడియోల సంగతి ఏమిటో చూపించే సాధనం మాత్రం యూట్యూబ్‌లో ఛానల్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఉచితంగానే అందుబాటులో ఉంది. అదే యూట్యూబ్ స్టూడియో. ఈ సమీక్షను దానిలోని అనలిటిక్స్ (గణాంకాల) భాగానికే పరిమితం చేస్తున్నాను, అదీ షార్ట్స్ చేసేవారి అవసరాలను దృష్టిలో పెట్టుకొని. ఒక వీడియోను జనం ఎక్కడ వదిలేశారో చెప్పడంలో ఈ సాధనం చాలా నిక్కచ్చిగా ఉంటుంది. అయితే ఛానల్‌కంటూ ఒక వీక్షకవర్గం ఏర్పడుతోందా అన్న అసలు ప్రశ్నకు సంబంధించిన అంకెలను లోపలి పొరల్లో ఉంచి, అంత ముఖ్యం కాని అంకెను ముందు పెద్ద అక్షరాలతో చూపిస్తుంది. నా అభిప్రాయం స్థూలంగా ఇదే.

ఆ ముఖ్యం కాని అంకె వ్యూస్. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్ వ్యూస్‌ను లెక్కించే పద్ధతి మారింది. అంతకుముందు వీడియోను కొన్ని సెకన్లపాటైనా చూస్తేనే ఒక వ్యూగా లెక్కపెట్టేవారు. ఇప్పుడు వీడియో ఆడడం మొదలైతే చాలు, మళ్లీ మొదటినుంచి ఆడినా చాలు, కనీస సమయం అంటూ ఏమీ లేకుండానే ఒక వ్యూ నమోదవుతుంది. ఫీడ్‌లో, అంటే ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే వీడియోల వరుసలో, వేగంగా వేలు కదుపుతూ పోయే మనిషి మీ వీడియోను క్షణంపాటు కళ్లతో తాకి వెళ్లిపోయినా అది మీ ఖాతాలో పడుతుందన్నమాట. పాత లెక్క పోలేదు. దానికి ‘ఎంగేజ్డ్ వ్యూస్’ అని పేరు పెట్టి అనలిటిక్స్‌లో వివరమైన పట్టికలు చూపే అడ్వాన్స్‌డ్ మోడ్‌లో ఉంచారు. వీడియోలపై ఆదాయం ఇచ్చే యూట్యూబ్ భాగస్వామ్య కార్యక్రమానికి అర్హత చూసేటప్పుడూ, ఆదాయం లెక్కకట్టేటప్పుడూ యూట్యూబ్ పరిగణించేది ఈ పాత లెక్కనే. తాను డబ్బు చెల్లించడానికి ఏ అంకెను నమ్ముతుందో ఆ అంకెను పక్కకు పెట్టి, వేరొకదాన్ని ముందువరుసలో చూపించడం నాకు సమంజసంగా అనిపించదు. షార్ట్స్ చేసే ప్రతివారూ అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిచి, ఎంగేజ్డ్ వ్యూస్ నిలువు వరుసను చేర్చుకోవడం మంచిది. రెండు అంకెల మధ్య దూరం ఎక్కువగా ఉన్న వీడియోకు ప్రచారం దొరికిందే గాని ఆదరణ దొరకలేదని అర్థం చేసుకోవచ్చు.

స్టూడియో నిజంగా రాణించేది ఒక్కొక్క వీడియోను విడిగా తెరిచి చూసినప్పుడు. షార్ట్స్ ఫీడ్‌లో వీడియో ఎదురైనవారిలో ఎంత శాతం మంది ఆగి చూశారో, ఎంత శాతం మంది తోసేసి ముందుకు పోయారో అక్కడ కనిపిస్తుంది. ఈ ఫీడ్‌లో థంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం), శీర్షిక అనేవాటికి పెద్దగా పని ఉండదు, ఎందుకంటే చూసేవాడు వీడియోను ఎంచుకోడు, వీడియోయే అతని ముందుకు వచ్చి నిలబడుతుంది. కాబట్టి మొదటి ఒకటి రెండు సెకన్లకు పడిన ఓట్ల లెక్కగా ఈ శాతాన్ని చూడాలి. దీనికి ఇంత ఉంటే మంచిదనే సార్వత్రికమైన గీత ఏదీ లేదు. ఎవరైనా ఒక అంకె చెప్పి అదే ప్రమాణమంటే నమ్మనక్కరలేదు. మీ ఛానల్‌లోని ఒకే రకం వీడియోలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే ఈ శాతం మాట్లాడుతుంది.

దీని తరువాత చూడవలసింది వీక్షకులు ఎంతసేపు నిలిచారో చూపే గ్రాఫ్. ఒక ఉదాహరణ తీసుకుందాం. సైకిలు మరమ్మతుల మీద ఒక ఛానల్ ఉందనీ, జారిపోయిన గొలుసును తిరిగి ఎక్కించడం గురించి నలభై సెకన్ల వీడియో పెట్టారనీ అనుకోండి. ‘నమస్కారం, మన ఛానల్‌కు స్వాగతం’ అంటూ మొదలైతే గ్రాఫ్ అక్కడే నిట్టనిలువునా కిందికి జారడం కనిపిస్తుంది. అదే వీడియో వేలాడుతున్న గొలుసుతో, దానిపై కదులుతున్న చేతులతో మొదలైతే ఆ జారుడు బాగా తగ్గుతుంది. ఇది అందరూ చెప్పే మాటే. కానీ స్టూడియో అందరూ చెప్పని సంగతులు కూడా చెబుతుంది. మధ్యలో ఎక్కడో గ్రాఫ్ ఉబ్బితే, జనం ఆ చోటును మళ్లీ చూశారని అర్థం. గొలుసును ఏ పంటిమీద పెట్టాలో చూపించిన క్షణం దగ్గర అలా ఉబ్బిందంటే, ఆ అడుగు వేగంగా సాగిపోయిందనీ, దానికి మరో రెండు సెకన్లు ఇవ్వాలనీ, వీలైతే దాన్నే విడిగా ఒక వీడియో చేయవచ్చనీ తెలుస్తుంది. ఫలితం కనిపించిన తరువాత ‘నచ్చితే లైక్ చేయండి’ అనే చివరి మాటల దగ్గర గ్రాఫ్ పడిపోవడం దాదాపు ప్రతి వీడియోలో చూడవచ్చు. ఆ తోక కత్తిరించి పడేస్తే నష్టం లేదు.

ఈ గ్రాఫ్‌ను చదవడంలో ఒక మెలిక ఉంది. షార్ట్స్ అయిపోగానే తిరిగి మొదటినుంచి ఆడతాయి గనుక, సగటున చూసిన శాతం నూరు దాటిపోవచ్చు. ఎనిమిది సెకన్ల వీడియోకు నూటపది శాతం వచ్చిందని సంబరపడి, యాభై సెకన్ల వీడియోకు డెబ్బై శాతమే వచ్చిందని నిరాశపడడం సరికాదు. రెండోదానిలో ఒక్కొక్కరు ముప్పై అయిదు సెకన్లు మీతో గడిపారు, మొదటిదానిలో తొమ్మిది సెకన్లు కూడా లేదు. 2024 అక్టోబరు 15 నుంచి మూడు నిమిషాల వరకు ఉన్న నిలువు వీడియోలను కూడా షార్ట్స్‌గా తీసుకుంటున్నారు. దాంతో ఈ తేడా ఇంకా పెరిగింది. స్టూడియో ఈ రెండు కొలతలనూ ఇస్తుంది, కానీ వేర్వేరు నిడివి ఉన్న వీడియోలను పోల్చేటప్పుడు జాగ్రత్త అని ఎక్కడా హెచ్చరించదు.

వీక్షకులు ఎక్కడినుంచి వచ్చారో చెప్పే పట్టికను చాలామంది తేలికగా తీసుకుంటారు. నా దృష్టిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. షార్ట్స్ ఫీడ్, యూట్యూబ్ సెర్చ్, ఛానల్ పేజీలు, ఒకే పాటనో శబ్దాన్నో వాడిన వీడియోలను చూపే సౌండ్ పేజీలు, బయటి సైట్లు అంటూ వచ్చిన దారులన్నీ విడివిడిగా ఉంటాయి. ఫీడ్ నుంచి వచ్చేది వాన నీరు, సెర్చ్ నుంచి వచ్చేది ఊట నీరు. ఫీడ్ ఒక వీడియోను కొద్దిరోజులు విపరీతంగా తిప్పి, ఆ తరువాత ఏ కారణమూ చెప్పకుండా ఆపేయవచ్చు. సెర్చ్ నుంచి వచ్చేవారు తక్కువమందే అయినా, సైకిలు గొలుసు జారిపోయిన మనిషి ఈ రోజూ ఉంటాడు, వచ్చే నెలా ఉంటాడు. పైగా ఏ మాటలు టైపు చేసి మీ వీడియో దగ్గరికి వచ్చారో కూడా స్టూడియో చూపిస్తుంది. మీరు పెట్టిన శీర్షికలో ‘డ్రైవ్‌ట్రెయిన్ సర్వీసింగ్’ అని ఉండి, వచ్చినవారు మాత్రం ‘సైకిల్ చైన్ ఊడిపోతోంది’ అని వెతికి వచ్చారంటే, తదుపరి వీడియో శీర్షిక ఏ భాషలో ఉండాలో ఎవరూ చెప్పనక్కరలేదు. తరువాతి పది వీడియోలకు విషయాలు వెతుక్కునేవారికి ఆ మాటల జాబితాకు మించినది లేదు. ట్రెండ్స్ పేరుతో ఉన్న ట్యాబ్ కూడా విషయాలు సూచిస్తుంది, కానీ అక్కడ కనిపించేవి ఎక్కువగా అందరూ చేస్తున్నవే.

ఇక ఆడియన్స్ ట్యాబ్. వీక్షకవర్గం ఏర్పడుతోందా అన్న ప్రశ్నకు జవాబు ఉండేది ఇక్కడే. వీక్షకులను కొత్తవారు, అప్పుడప్పుడు వచ్చేవారు, క్రమం తప్పకుండా వచ్చేవారు అని ఇందులో మూడు తరగతులు చేశారు. గడిచిన ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ కాకుండా మీ ఛానల్‌ను చూస్తూ వచ్చినవారినే క్రమం తప్పనివారిగా లెక్కిస్తారు. చాలా కఠినమైన లెక్క ఇది, అందువల్లనే విలువైనది కూడా. షార్ట్స్ మీదే ఆధారపడిన ఛానళ్లలో కొత్తవారి వాటా భారీగానూ, క్రమం తప్పనివారి వాటా గోరంతగానూ ఉండడం సహజం. ఎందుకంటే ఫీడ్‌లో చూసేవారికి వీడియో గుర్తుంటుంది గాని ఎవరు చేశారన్నది గుర్తుండదు. ఒక వీడియో విపరీతంగా తిరిగిన నెలలో మొత్తం వీక్షకుల సంఖ్య ఎగసిపడుతుంది, మరుసటి నెలలో పడిపోతుంది. ఆ రెండు నెలలనూ దాటి, అప్పుడప్పుడు వచ్చేవారి గీత కొంచెమైనా పైకి జరిగిందా లేదా అన్నది చూడాలి. జరగకపోతే, ఆ వీడియోకు మీ మిగతా వీడియోలతో సంబంధం లేదని అర్థం. సైకిలు మరమ్మతుల ఛానల్‌లో పిల్లి సైకిలు బుట్టలో కూర్చున్న దృశ్యానికి వచ్చిన జనం పిల్లి కోసం వచ్చినవారే.

సబ్‌స్క్రైబర్ల లెక్క కూడా ఇటువంటిదే. మొత్తం సంఖ్య మొదటి పేజీలో మెరుస్తుంది. ఏ వీడియో ఎంతమందిని తెచ్చిందో, ఏ వీడియో ఎంతమందిని పోగొట్టిందో తెలుసుకోవాలంటే మాత్రం మళ్లీ అడ్వాన్స్‌డ్ మోడ్‌కే వెళ్లాలి. వెయ్యి ఎంగేజ్డ్ వ్యూస్‌కు ఎంతమంది సబ్‌స్క్రైబ్ చేశారన్న నిష్పత్తిని ఈ సాధనం నేరుగా ఇవ్వదు. వివరాలను స్ప్రెడ్‌షీట్‌గా దించుకొని మనమే భాగించుకోవాలి. కొద్దిపాటి శ్రమే అయినా చేయదగిన పని, ఎందుకంటే వ్యూస్ ప్రకారం వేసిన వరుసకూ, ఈ నిష్పత్తి ప్రకారం వేసిన వరుసకూ చాలాసార్లు పొంతన ఉండదు.

ఆడియన్స్ ట్యాబ్‌లోనే వీక్షకులు ఏ వేళల్లో యూట్యూబ్‌లో ఉంటారో చూపే ఊదారంగు పట్టిక ఒకటుంది. దాన్నిబట్టి ముహూర్తం పెట్టుకొని వీడియోలు వదిలేవారిని చూస్తే కొంత నవ్వు వస్తుంది. ప్రచురించిన వేళ వీడియో దీర్ఘకాలిక ఫలితాన్ని ప్రభావితం చేస్తుందనడానికి ఆధారం లేదని యూట్యూబ్ సహాయ పుటలే చెబుతున్నాయి. ప్రత్యక్ష ప్రసారాలకు ఆ పట్టిక పనికివస్తుంది, షార్ట్స్‌కు అంతగా అక్కరలేదు.

కొత్త వీడియో పెట్టిన వెంటనే, ఇటీవలి పది వీడియోలలో దానికి ఎన్నో స్థానమో డాష్‌బోర్డు చెబుతుంది. ఇది కూడా వ్యూస్ ప్రకారం ఇచ్చే స్థానమే. చూడడం మొదలుపెడితే గంటకోసారి చూడాలనిపించే ఏర్పాటు ఇది, పనికి మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా కొన్ని వివరాలు పూర్తిగా చేరడానికి రెండు రోజుల వరకు పడుతుంది కాబట్టి, తొలిగంటల అంకెల మీద ఆధారపడి వీడియోను తొలగించి మళ్లీ పెట్టడం వంటివి చేయకపోవడం మేలు.

లోపాలలో అన్నిటికన్నా పెద్దది, ప్రయోగాలకు అవకాశం లేకపోవడం. పొడవైన వీడియోలకు రెండు మూడు థంబ్‌నెయిళ్లను పోల్చి పరీక్షించే సదుపాయం స్టూడియోలో ఉంది, షార్ట్స్‌కు దానికి సమానమైనది లేదు. ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబరులో ట్రయల్ రీల్స్ అనే ఏర్పాటు తెచ్చింది. రీల్‌ను ముందుగా మనల్ని అనుసరించనివారికే చూపించి, ఫలితం బాగుంటే అందరికీ విడుదల చేసుకోవచ్చు. రెండు రకాల ప్రారంభాలలో ఏది నిలుస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా తేలికైన మార్గం ఉండదు. స్టూడియోలో అదే పని చేయాలంటే రెండు వేర్వేరు వీడియోలుగా పెట్టి, వాటి మధ్య మరే తేడా లేకుండా చూసుకొని, ఫలితాలను మనమే పోల్చుకోవాలి.

చిన్న ఛానళ్లకు మరో ఇబ్బంది ఉంది. వీక్షకులు తక్కువగా ఉంటే వయసు, ప్రాంతం వంటి వివరాలను గోప్యత దృష్ట్యా చూపించరు. దీన్ని తప్పుపట్టలేను, కానీ సహాయం ఎక్కువ అవసరమైన దశలోనే ఆ పేజీలు ఖాళీగా కనిపిస్తాయన్నది నిజం.

షార్ట్స్‌కు వచ్చినవారిని ఛానల్‌లోని పొడవైన వీడియోల వైపు మళ్లించాలనుకునేవారికి స్టూడియోలో ఉన్న ‘రిలేటెడ్ వీడియో’ అనే ఒక్క గడి చాలా ముఖ్యం. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలోనూ, వ్యాఖ్యలలోనూ ఇచ్చే లింకులు నొక్కితే తెరుచుకోవు. అందువల్ల మీ వీడియో నుంచి మీ మరో వీడియోకు వీక్షకుడిని తీసుకెళ్లడానికి మిగిలిన సూటి మార్గం ఇదే. భాగస్వామ్యంలో ప్రకటనల ఆదాయానికి కావలసిన నాలుగు వేల గంటల వీక్షణలో షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం చేరదు. షార్ట్స్ మీదుగానే ఆ అర్హత పొందాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లతోపాటు తొంభై రోజుల్లో కోటి ఎంగేజ్డ్ వ్యూస్ కావాలి. గడిని నింపకుండా వదిలేసేవారు ఈ లెక్కను ఒకసారి చూసుకోవాలి.

వ్యూస్, సబ్‌స్క్రైబర్లు అమ్ముతామనే సేవలను ఈ సాధనంతో పోల్చడం కూడా అనవసరం. కృత్రిమంగా అంకెలు పెంచడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం, ఛానల్‌ను తొలగించే వరకు కూడా పోవచ్చు. నియమాల మాట పక్కన పెట్టినా, అలా కొన్న వీక్షకులు చేరితే మీ గ్రాఫ్‌లు మీకే అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి. ఏ వీడియో నిలిచిందో, ఏది నిలవలేదో తెలిపే ఆధారం చేజారిపోతుంది.

స్టూడియోకు మొబైల్ యాప్ ఉంది. వ్యాఖ్యలకు జవాబివ్వడానికీ, ఒక వీడియో గ్రాఫ్‌ను తెరిచి చూడడానికీ అది సరిపోతుంది. ఎంగేజ్డ్ వ్యూస్‌ను పక్కన పెట్టుకొని వీడియోలను పోల్చడం, పట్టికలను దించుకోవడం వంటి పనులకు కంప్యూటర్ బ్రౌజర్ కావలసిందే. ఫోనులోనే తీసి, ఫోనులోనే కత్తిరించి, ఫోనులోనే పెట్టేవారి కోసం తయారైన వీడియో రూపానికి సంబంధించిన ముఖ్యమైన అంకెలు ఫోనులో సులభంగా దొరకకపోవడం విచిత్రమే. ఉచితం కాబట్టి అయిదుకు నాలుగు ఇస్తున్నాను. ఎంగేజ్డ్ వ్యూస్‌ను మొదటి పేజీకి తెచ్చి, షార్ట్స్‌కు కూడా పరీక్షించుకునే సదుపాయం ఇస్తే ఆ మిగిలిన ఒకటి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.